అయిదో చోటు

ఆ కరపత్రం మీద ‘రూపకల్పన’ అన్న మాట కింద మాస్టారి పేరు టైపు చేసింది నేనే. అక్కడ ఉండాల్సింది ఆ పేరు కాదని నాకు తెలుసు. తెలిసే కొట్టాను. ప్రెస్సులో జీతానికి పనిచేసేవాడికి తప్పులు దిద్దే అధికారం అక్షరాల వరకే, మనుషుల దాకా రాదు. పేరు కాస్త పెద్దదిగా రావాలని మాస్టారు కబురు చేస్తే రెండు సైజులు పెంచాను కూడా.

ఆ నృత్యం కట్టిన మనిషి పేరు కాగితంలో ఎక్కడా లేదు. పోనీ చివర్న ‘దుస్తులు’ అనే చోటైనా వేద్దామా అని అడిగాను. అక్కడ బట్టలకొట్టు పేరు వేయమన్నారు. గుడ్డ వాళ్లు ఊరికే ఇచ్చారట.

ఆవిడ నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. యాభై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా ఉండేది. నడుస్తుంటే అడుగుల చప్పుడు వినపడేది కాదు. ముప్పై ఏళ్లుగా మాస్టారి డాన్సు స్కూల్లో పిల్లలకు అడుగులు నేర్పింది ఆవిడే, వాళ్ల బట్టలు కుట్టిందీ ఆవిడే. మాస్టారికి మోకాళ్లు పట్టేసి చాలాకాలమైంది. కుర్చీలో కూర్చుని టీ తాగుతూ బాగుందనో బాగాలేదనో అనేవారు. పిల్లలు ఆవిడకు నాలుగత్త అని పేరు పెట్టుకున్నారు. నేర్పేటప్పుడు చిటికెలు వేస్తూ ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని, మళ్లీ ఒకటికి వచ్చేసేది. అయిదు అనే అంకె అత్త నోట విన్నవాళ్లకు బహుమతి ఇస్తామని వేళాకోళం చేసేవారు.

నేను గదిలో దిగిన రోజున అత్తయ్యా అని పిలిచాను. “నాకు కూతుళ్లు లేరబ్బాయ్, పిలుపు దండగ” అంది నవ్వకుండా. కానీ ఆ సాయంత్రం తనే మెట్లెక్కి టీ గ్లాసు పట్టుకొచ్చింది. నా గదినిండా ఉన్న, చిత్తుకాగితాల కొట్లో ఏరుకొచ్చిన పుస్తకాలు చూసి, ఇవన్నీ చదివితే ఏమొస్తుందని అడిగింది. కోపం వస్తుందని చెప్పాను. అది చదవకపోయినా వస్తుందిగా అంది.

ఆవిడకో అలవాటుండేది. తలుపు వెంటనే వేసేది కాదు. బయటికి వెళ్లినా, లోపలికి వచ్చినా, రెక్క పట్టుకుని కాస్సేపు నిలబడి, తర్వాత మెల్లగా మూసేది. మొదట్లో నాకోసం ఆగుతోందనుకుని మెట్లమీంచి పరుగెత్తుకొచ్చేవాణ్ణి. నాకోసం కాదు. దోమలొస్తున్నాయి అత్తయ్యా అని ఒకసారి అంటే, రానీ, వాటికీ ఎవరో తలుపు తియ్యాలిగా అంది. ఒకరోజు కిటికీలోంచి చూస్తూ లెక్కపెట్టాను. సరిగ్గా నాలుగు.

డాన్సు స్కూలు టైర్ల కొట్టు పైన ఉండేది. పొడుగాటి గది. కింద చెక్కనేల, ఒక గోడకి మరకలు పడ్డ అద్దాలు. కిటికీలు తీసినా మూసినా రబ్బరు వాసనే. ఒక ఆదివారం మధ్యాహ్నం సర్టిఫికెట్ల ప్రూఫు చూపించడానికి వెళ్లాను. లోపల అమ్మాయిలు ఆడుతున్నారు. మాస్టారు వేలు చూపించి ఆగమన్నారు, ఆగాను.

నేను అలాంటిది అంతకుముందు చూడలేదు. ఒక అమ్మాయి పక్క తలుపులోంచి నాలుగు అడుగులు నడిచి వచ్చింది. ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరిగి చూసింది. చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంది. మెల్లగా నేలకి వాలి, మళ్లీ లేచి, ముందుకు సాగింది. ఒక్కో పనికీ నాలుగు లెక్కలు. ఆమె వెనక్కి తిరిగే క్షణానికి రెండో అమ్మాయి లోపలికి అడుగు పెట్టింది. ఆ అడుగులే, ఆ చూపే, ఆ వాలడమే, నాలుగు లెక్కలు ఆలస్యంగా. దాని వెనక మూడోది. అలా వస్తూనే ఉన్నారు. కాస్సేపటికి నా కళ్లకు అమ్మాయిలు కనిపించడం మానేశారు. ఒకే మనిషి తన వెనక తానే వస్తూ, వస్తున్నది ఎవరా అని మాటిమాటికీ తిరిగి చూసుకుంటున్నట్టుంది.

పాట ఆగాక మాస్టారు, ఎలా ఉందోయ్ మా ఏడుగురి ఆట అని అడిగారు.

ఎనిమిదిమంది కదండీ అన్నాను. అమ్మాయిలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మళ్లీ లెక్కపెట్టాను. గోడకానుకుని చెమట తుడుచుకుంటున్నవాళ్లు ఏడుగురే. నేను లెక్కల్లో తప్పిన మాట నిజమే గానీ, ఎనిమిది దాకా వచ్చు.

ఇంటికొచ్చాక అత్తయ్యే విప్పి చెప్పింది. ఆ ఆట ఎనిమిదిమందికి కట్టినది. అయిదో చోటు ఆవిడ చెల్లెలిది. చెల్లెలు పంతొమ్మిదో ఏట విషజ్వరంతో పోయింది. తర్వాత ఆ చోటులో ఎవర్నీ పెట్టలేదు. పెట్టలేదంటే వరస జరిపి దగ్గరచేశారని కాదు. నాలుగో అమ్మాయి వచ్చాక నాలుగు లెక్కలు ఎవరూ రారు. ఆ నాలుగూ నాలుగో అమ్మాయి వెనక్కి తిరిగి, ఖాళీ తలుపులోంచి ఒక మనిషి నాలుగు అడుగులు నడిచి వస్తున్నట్టు కళ్లతో చూడాలి. ఆ వంతు అయ్యాకే ఆరో అమ్మాయి కదలాలి. ముందున్నదాన్ని చూసి కదలడం కాదు, ముందున్న ఖాళీని చూసి కదలాలి. నేను చూసిన ఎనిమిదో మనిషి నాలుగో పిల్ల కళ్లల్లోంచి వచ్చిందన్నమాట. అలా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఈ పద్ధతికి అత్తయ్య వాడే మాట వంతులు. ఆ నెల్లోనే చిత్తుకాగితాల్లో నాకు అట్టలేని నాట్యం పుస్తకమొకటి దొరికింది. ఒకరి కదలికను ఇంకొకరు కొంత వ్యవధి తర్వాత యథాతథంగా చేయడాన్ని కానన్ అంటారని అందులో ఉంది. గొప్పగా పట్టుకెళ్లి చదివి వినిపించాను. మిషను తొక్కుతూ విన్నది. “దీనికి పేరు కూడా ఉందా? పాపం, ఎవరో నాలాగే పనిలేనివాళ్లు” అంది. మధ్యలో ఒక వంతు ఖాళీగా వదిలితే దాన్నేమంటారో రాశారా అని అడిగింది. రాయలేదు. వెనకాల పేజీలు చెదలు తిన్నాయి.

తర్వాత నేను ఆదివారాలు అక్కడికి వెళ్లడం మానలేకపోయాను. ఆ నాలుగు లెక్కల్లో ఒక చప్పుడు ఉండేది. తలుపు దగ్గరి చెక్క చిన్నగా కిర్రుమనేది. ఎవరూ కాలు పెట్టనప్పుడు. నాకు ఇలాంటివి గిట్టవు. వంగి చూశాను, మేకు వదులైంది. కింద టైర్ల కొట్టులో గాలి కొట్టే మిషను ఆడుతుంటుంది, ఆ అదురుకి కదులుతోందని తేల్చాను. ఒకసారి టైర్ల కొట్టు వాళ్లింట్లో పెళ్లి, షట్టరు దించి ఉంది. ఆ రోజూ కిర్రుమంది. మేకు వదులైంది, అంతే అని నాకు నేను ఇంకోసారి చెప్పుకున్నాను.

నాలుగో పిల్ల పొద్దున మందులషాపులో పనిచేసేది. తలనొప్పి మాత్రలకని వెళ్లి మాట కలిపాను. ఖాళీలోకి అలా చూస్తుంటే భయం వెయ్యదా అని అడిగాను.

“చూసినప్పుడు భయం లేదన్నా” అంది మాత్రలు కత్తిరిస్తూ. “ఒక్కోసారి టైముకి రాదు. అప్పుడు భయం.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. చిల్లర నా చేతిలో పెట్టకుండా బల్లమీద పెట్టింది.

అత్తయ్య ఏడుగురికి ఎనిమిది జతల బట్టలు కుట్టేది. ఎక్కడైనా ప్రదర్శన అయ్యాక మర్నాడు పొద్దున మేడమీద తీగకి ఎనిమిదీ ఆరేసేది. వేసుకోని జత కూడా ఎందుకు ఉతికారని అడిగాను. “వేసుకోలేదని నీకెవరు చెప్పారు?” అని క్లిప్పులు పెడుతూ పోయింది. ఆవిడ కిందికి దిగాక వెళ్లి ఆ ఎనిమిదో రవిక చూశాను. తడిబట్ట. తడిబట్టలో చెమట ఎక్కడ తెలుస్తుంది? చంకల దగ్గర రంగు వెలిసిందని మాత్రం చెప్పగలను. పాతది గనక వెలిసి ఉండొచ్చు.

ఇలా సాగుతుండగా మాస్టారికి పెద్ద హాలు నుంచి పిలుపొచ్చింది. ఏదో కళాసంఘం వాళ్లది. ఎనిమిదిమంది బృందమని ఆయన రాసిచ్చేశారు. అయిదో చోటులో తన మరదలి కూతుర్ని పెడుతున్నానని, కరపత్రంలో రూపకల్పన తన పేరునే వస్తుందని ఒకే రోజున రెండూ చెప్పారు. పేరు సంగతికి ఆయన దగ్గర జవాబు తయారుగా ఉంది. అత్తయ్యే నాకు అప్పజెప్పింది: “నా పేరు చూసి జనం వస్తారమ్మాయ్, నీ పని చూసి వెళ్తారు. ఇద్దరం ఉన్నట్టేగా.” యాభై రెండేళ్ల మనిషిని ఆయన ఇంకా అమ్మాయ్ అనే అనేవారు.

ఆ రాత్రంతా నాకు ఒళ్లు మండిపోయింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్లని చూశాను గానీ, కాయలు కోసుకుని చెట్టే లేదనేవాణ్ణి అప్పుడే చూడటం. పొద్దున్నే వెళ్లి గొడవ పెట్టుకోమన్నాను. పిల్లలందరూ మీ వెనకే వస్తారన్నాను. కుక్కిన పేనులా ఎన్నాళ్లుంటారని కూడా అనేశాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది.

“పేరు ఎవరిదైతే ఏంట్రా” అంది. నన్ను రా అనడం అదే మొదలు. “ఆ చోటు నింపకుండా ఉంటే చాలు. అదొక్కటే అడుగుతాను.”

అడిగింది. నేను ఆ రోజు ప్రూఫు పట్టుకుని అక్కడే ఉన్నాను. కాగితం మీద నాట్యకత్తెల పేర్లు ఒకటి నుంచి ఎనిమిది దాకా వేసి, అయిదు ఎదురుగా ఏమీ వేయకుండా తెచ్చాను. అది అత్తయ్య కోరిక. పేరూ, పేరుపక్కన గొప్పా, అంతా మీరే ఉంచుకోండి మాస్టారూ, అయిదు పక్కన మాత్రం ఏమీ రాయకండి అంది. అంత మెల్లగా అంది కాబట్టి ఆయన సరిగా వినలేదనుకున్నాను. విన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, ఖాళీ చోటు చూడ్డానికి జనం బస్సెక్కి రారమ్మాయ్ అన్నారు. జేబులోంచి పెన్ను తీసి అయిదు పక్కన మరదలి కూతురి పేరు రాసి నాకిచ్చారు.

ఆ కొత్తపిల్ల మంచిదే. చక్కగా ఆడుతుంది, బుద్ధిమంతురాలు. ఒంటరిగా ఆడితే లెక్క తప్పదు. వరసలో నిలబెడితే మాత్రం నాలుగు లెక్కలు ఆలస్యమైపోయేది. నాలుగో పిల్ల వెనక్కి తిరిగినప్పుడు రాదు. ఆ వంతు దాటిపోయాక, ఆరో పిల్లతో కలిసి తలుపులోంచి ఒకేసారి వచ్చి ఒకరికొకరు గుద్దుకునేవాళ్లు. మొదటి వారం అలవాటు లేక అనుకున్నారు. రెండో వారం మాస్టారు కుర్చీలోంచి లేచారు. మోకాళ్లనొప్పి మరిచిపోయి నడుము మీద చేతులు పెట్టుకుని అరిచారు. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది.

“నేను లేటవడం లేదు పెదనాన్నా. నా వంతు నాకంటే ముందే అయిపోతోంది.”

నాలుగో పిల్ల వంగి కాలిపట్టీ సర్దుకోవడం మొదలుపెట్టింది. అత్తయ్య చిటిక వేస్తున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మాస్టారు ఇంకో అమ్మాయిని తెచ్చి అక్కడ నిలబెట్టారు. ఆమె రెండు రోజులు ఆడి, అక్కడ ఇరుకుగా ఉంది సార్ అని చెప్పి మానేసింది. అంత గదిలో ఇరుకేమిటని మాస్టారు నన్ను అడిగారు, నేనేదో గది కట్టిన మేస్త్రీని అయినట్టు. చివరికి మరదలి కూతుర్నే ఉంచారు. స్టేజీ మీద దీపాలు పడితే అన్నీ సర్దుకుంటాయన్నారు.

ప్రదర్శన సాయంత్రం ఆరింటికి. బట్టల పెట్టె మోయడానికి అత్తయ్య వెంట నేనూ వెళ్లాను. ఆవిణ్ణి రమ్మన్నది సూదీ పిన్నులూ పట్టుకుని పక్కతెర వెనక నిలబడటానికే. హాలు నిండింది. ప్రతి ఒడిలోనూ నేనచ్చేసిన కాగితం. కొందరు దాంతో విసురుకుంటున్నారు.

తెర వెనక అమ్మాయిలు వరసగా నిలబడ్డారు. పాట మొదలైంది. మొదటిది వెళ్లింది. నాలుగు లెక్కలు. రెండోది. అత్తయ్య తెర అంచు పట్టుకుని ఒక్కొక్కరికీ తొలగించి, వెళ్లాక వదులుతోంది. మూడోది. నాలుగోది. ఇక అయిదు.

కొత్తపిల్ల కదల్లేదు. నేను ఆమెకి రెండు గజాల దూరంలో ఉన్నాను. వణకడం లేదు, ఏడవడం లేదు. రైలు వెళ్లిపోయాక ప్లాట్‌ఫారం మీద నిలబడిపోయినవాళ్లలా ఉంది. స్టేజీ మీద నాలుగో పిల్ల అప్పటికే వెనక్కి తిరగబోతోంది. అత్తయ్య చెయ్యి కొత్తపిల్ల భుజం మీద పడింది. ఒక్క తోపు తోస్తే పిల్ల వెలుగులో పడేది, ఆట నిలిచేది, మాస్టారి మాట నిలిచేది. ఆవిడ ఉద్యోగం కూడా నిలిచేది.

వెళ్లవేం అని గొంతు లేకుండా అడిగింది.

“వెళ్లింది కదత్తా” అంది కొత్తపిల్ల, తెరవైపు చూపించి.

అత్తయ్య ఆ పిల్ల భుజం మీంచి చెయ్యి తీసేసింది. తెర అంచు పట్టుకుంది. ఇంటి దగ్గర తలుపురెక్క పట్టుకున్నట్టే పక్కకి లాగి పట్టుకుని నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. ఒకటి. రెండు. ఎదురుగా దీపాల్లో నాలుగో పిల్ల కళ్లు మా వైపు తిరిగి ఉన్నాయి. మావైపు కాదు, మాకు అర గజం ముందుకి. ఆ కళ్లు తెర దగ్గర మొదలై, మెల్లగా, ఒక్కో అడుగే, స్టేజీ మధ్యకి కదిలాయి. మూడు. నాలుగు. తెర అంచు నా మోచేతిని రాసుకుంది. అత్తయ్య పట్టుకున్న తెర ఎలా కదిలిందో నాకు తెలీదు. లోపల ఫ్యాన్లున్నాయి. ఫ్యాన్లున్నాయి అని నేను అప్పుడే అనుకున్నాను, ఇప్పుడు రాసేటప్పుడు కనిపెట్టింది కాదు.

నాలుగు అయ్యాక ఆరో పిల్ల కొత్తపిల్లని చుట్టుకుని బయటికి వెళ్లింది. లెక్క ఎక్కడా తప్పలేదు.

చప్పట్లు చాలాసేపు మోగాయి. మాస్టారు స్టేజీ ఎక్కి దండం పెట్టారు. లోపలికొచ్చాక కొత్తపిల్లని చూసి ఆయన ముఖం మాడింది గానీ, బయటినుంచి ఎవరో దండ పట్టుకురావడంతో మళ్లీ వెలిగింది. అత్తయ్య పిన్నులు ఏరుకుని డబ్బాలో వేసుకుంది. కొత్తపిల్లకి కుట్టిన కొత్త జతతో కలిపి ఎనిమిది జతలు విప్పించి పెట్టెలో పెట్టింది. పెట్టె అడుగున మడతలోనే ఉండాల్సిన పాత ఎనిమిదో జత పైకి తీసి, విదిలించి, మళ్లీ మడిచింది. నేను ఆ జతను ముట్టుకోలేదు. ముట్టుకుని ఉంటే ఇప్పుడు ఇంకో విధంగా రాసేవాణ్ణేమో.

మూడోరోజు పత్రికలో నాలుగు వాక్యాలు పడ్డాయి. ఎనిమిదిమంది నర్తకీమణులూ రాణించారనీ, ముఖ్యంగా అయిదవ యువతి అభినయం చాలాకాలం గుర్తుంటుందనీ రాశారు. పత్రికలవాళ్లు చూడకుండానే రాస్తారు, కరపత్రం ముందు పెట్టుకుని పేర్లు ఎక్కిస్తారు. ఈ సంగతి నాకు బాగా తెలుసు. ప్రెస్సు ఓనరుకి అదే చెప్పాను. అయితే చూడకుండా రాసేవాడు ఎనిమిదిమందిలో అయిదోదాన్నే ఎందుకు ఏరాడురా అన్నాడు ఓనరు. ఆయన పుస్తకాలు చదవడు.

ఆ నాలుగు వాక్యాలు మాస్టారి బుర్రలో దీపం వెలిగించాయి. జరిగిందేమిటో ఆయనకు నెమ్మదిగా అర్థమైంది. అర్థమైన వెంటనే తనదైపోయింది. తర్వాతి ప్రదర్శన నుంచి అయిదో చోటు ఖాళీగానే ఉంచారు. ఆటకి ముందు మైకు పట్టుకుని, లేని మనిషిని ఆడించడం తన నలభై ఏళ్ల తపస్సు అని చెప్పడం మొదలుపెట్టారు. చెప్పగా చెప్పగా గొంతు కూడా గద్గదమయ్యేది. కొత్త కరపత్రానికి ఆ ముక్కలన్నీ టైపు చేసింది ఎవరో చెప్పనక్కర్లేదు. అత్తయ్యని మాత్రం మాన్పించేశారు. ఆ రోజు కొత్తపిల్లని ఎందుకు తొయ్యలేదని ఒకే ఒక్క ప్రశ్న అడిగారట.

ఆవిడ ఇంట్లో మిషను పెట్టుకుని కుట్టుపని చేసుకునేది. చోటు ఖాళీగా ఉంటోందట కదా అని నన్ను అడిగి, ఉంటోందని చెబితే, తల ఊపేది. అంతే. నాకది సరిపోయేది కాదు. నాకు వేరే ఊళ్లో పెద్ద ప్రెస్సులో పని దొరికింది. వెళ్లేముందు, ఓనరు అన్నానికి వెళ్లిన గంటలో, మిగిలిపోయిన మంచి కాగితం మీద ఆ కరపత్రాన్ని మళ్లీ వేశాను. రూపకల్పన కింద అత్తయ్య పేరు, మాస్టారి పేరుకన్నా రెండు సైజులు పెద్దది. అయిదు పక్కన ఖాళీ. ఇరవై అయిదు ప్రతులు.

మర్నాడు పొద్దున పెట్టె కిందికి దించి, ఆ కట్ట తీసుకెళ్లి మిషను మీద పెట్టాను. ఎండ కిటికీలోంచి సరిగ్గా కాగితాల మీద పడుతోంది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివింది. తన పేరు మీద వేలు పెట్టింది. మెచ్చుకుంటుందని నిలబడ్డాను, అబద్ధమెందుకు.

ఇది తప్పు అంది.

అచ్చుతప్పేమో అని వంగి చూశాను. ఆవిడ కళ్లజోడు తీసేసి, నా ముఖం చూడకుండా, గుడ్డముక్కలు ఏరుతూ చెప్పుకుపోయింది. చెల్లెలు చిన్నప్పటి నుంచీ నాలుగు లెక్కలు వెనకే ఉండేదట. అందరూ నవ్వేవారట. “అక్కా, నేను లేటు కాదే, మీరంతా తొందర” అనేదట. ఒకసారి అద్దం ముందు నిలబడి, అందరూ నాలాగే ఒకళ్ల తర్వాత ఒకళ్లు చేస్తే ఎంత బాగుంటుందో చూడవే అని చేసి చూపించిందట. ఆ నడక, వెనక్కి చూడటం, చెయ్యి అడ్డం పెట్టడం, అన్నీ. అత్తయ్య దాన్ని తీసుకెళ్లి మాస్టారికి తన ఊహగా చెప్పింది. ఎనిమిదిమందికి కట్టింది. చెల్లెల్ని అయిదో చోటులో పెట్టింది. కానీ ఆ పిల్ల అందులో కూడా ఇంకో నాలుగు లెక్కలు వెనకబడింది. మొదటి ప్రదర్శన రోజున, ఇది చెడగొడుతుంది మాస్టారూ, దీన్ని తీసెయ్యండని చెప్పింది కూడా అత్తయ్యే. చెల్లెలు బట్టలు కట్టుకుని, పక్కతెర వెనక చివరిదాకా నిలబడే ఉంది. తర్వాతి ప్రదర్శన వచ్చేలోపు జ్వరం వచ్చింది.

ఆవిడ చెబుతున్నంతసేపూ నేను ఆ తెర అంచునే తలుచుకుంటున్నాను, నా మోచేతికి తగిలిన చోట.

ఇప్పుడేం చెయ్యమంటారు, చెల్లెలి పేరుతో మళ్లీ వేసుకొస్తానన్నాను. వద్దంది. కాగితాలు చక్కగా సర్ది కట్ట కట్టి నా చేతికే ఇచ్చేసింది. వీధి తలుపు దాకా నా వెనకే వచ్చింది. అడుగుల చప్పుడు లేదు కాబట్టి వచ్చిందని గుమ్మంలో తిరిగి చూస్తేనే తెలిసింది. ఇదంతా ఎవరికైనా చెప్పనా అని అడిగాను.

“చెప్పవు, రాస్తావు” అంది. “మా చెల్లి చేసింది నేను చేశాను. నేను చేసింది మాస్టారు చేశాడు. రాసినప్పుడు నువ్వూ కింద నీ పేరు పెట్టుకుంటావులే, నీ వంతు నీకూ రావాలిగా. పద, బస్సు పోతుంది. తలుపు మాత్రం అప్పుడే వెయ్యకు.”